కోవాకుతో తోమిన లెన్సు

మొన్న మా మనవరాలు ఫోను తీసుకపోయి బకెట్టు నీళ్ళలో పడేసింది. బట్టలుతికే కాడ ఫోనే, అన్నం తినే కాడ ఫోనే, పడక ఏం చేస్తుంది? ఇంక ఇంట్లో ఏడుపు చూడాల, ఎవరో పోయినట్టు. మా కోడలు వంటింట్లోకి ఉరికి బియ్యం డబ్బా మూత తీసింది. "ఒక పూట బియ్యంలో పెడితే చెమ్మంతా లాగేస్తుందంట అత్తా" అని నాకు పాఠం మొదలుపెట్టింది. నాకు! బియ్యంలో మిషను ఆరబెట్టేది నాకు ఒకరు చెప్పాల్నా? నోరు మూసుకొని చూస్తున్నాను.

అంతలో మనవరాలు ఫోను వెనక్కి తిప్పింది. "నానమ్మా, కెమెరా అంతా మసక పట్టింది" అంటూ నా కొంగు లాగి, దాంతో ఆ చిన్న అద్దం మీద బరబరా రుద్దబోయింది.

"తుడవొద్దే! తియ్యి చెయ్యి!"

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. పిల్ల బిత్తరపోయింది. కోడలి చేతిలో బియ్యం నేలపాలైనయి. ఒక ఫోను అద్దానికి ఈ ముసల్దానికి ఏమొచ్చిందని ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. నేను దొడ్లోకి పోయి బట్టల బండ మీద కూలబడినాను. నేను అరిచింది ఆ పిల్ల మీద కాదు. తొమ్మిదేళ్ళ ఇంకో పిల్ల మీద. ఎప్పుడో అరవాల్సింది, ఇప్పుడు అరిచినాను.

ఇప్పుడు ఉండేది పొదిలిలో గానీ నేను పుట్టింది మార్కాపురంలో. మార్కాపురం అంటే పలకలు. ఇప్పుడు పలకలు పట్టుకొనే పిల్లలే లేరు గానీ అప్పుడు మా వీధి వెనకంతా పలకల ఫ్యాక్టరీలే. నాయన దాంట్లోనే పని. రాయి కోస్తారు, అరగదీస్తారు, చెక్క ఫ్రేములు బిగిస్తారు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే చప్పుడు. మన పలకలు ఓడలెక్కి దేశాలు పోతయని నాయన గొప్పగా చెప్పేవాడు. పలకలు ఓడలెక్కేవో లేదో, దుమ్ము మాత్రం మా ఇళ్ళు దాటిపోయేది కాదు. తల దువ్వితే దుమ్ము, చాప దులిపితే దుమ్ము. "కూరలో ఉప్పు లేకపోయినా దుమ్ముకు కరువు లేదు మనకు" అనేది అమ్మ.

మా పక్కిల్లు మామది. మామ అంటే అమ్మ తోడబుట్టినోడు కాదు. వాళ్ళు సాయిబులు. నాయన ఆయన్ని బావా అనేవాడు, ఆయనా నాయనను బావా అనేవాడు. అట్ల ఆయన నాకు మామ, ఆయన భార్య అత్త, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు నాకు వదిన. వరస పెట్టకుండా ఒకర్నొకరు పిలుచుకోవడం మా వీధికి తెలియదు.

మామది ఫోటోల పని. ఇంటి ముందు గదే స్టూడియో. గోడకు చెరువు బొమ్మ వేసిన పరదా, ఆ చెరువులో రెండు హంసలు. ఊర్లో ఎవరి ఫోటో చూసినా వాళ్ళ చెవి పక్కన ఒక హంస ముక్కు పొడుచుకొచ్చినట్టు ఉండేది. ఫోటోలు కడిగే మందు పులుపు వాసన, లోపల్నుంచి అత్త వేయించే మసాలా వాసన, రెండూ కలిసి ఆ గదికి ఒక వాసన ఉండేది. కిటికీ కింద ఒక ఎత్తు స్టూలు. అది నాది. బడి వదిలితే పుస్తకాల సంచి మా ఇంట్లోకి విసిరేసి ఆ స్టూలు ఎక్కేదాన్ని. "దీన్ని కన్నది మేము, పెంచుతున్నది మీరు" అని అమ్మ అత్తతో దెప్పేది. అత్త ఊరుకునే మనిషా? "పెంచేది లేదు ఏం లేదు, మేపుతున్నాం" అనేది.

గదిలోకి రావాలంటే మామ ముందర గడప కాడ తనిఖీ చేసేవాడు.

"కాళ్ళు కడిగినావా? పావడా దులిపినావా? ఏదీ, చేతులు చూపించు."

"కడుక్కొనే వచ్చినా మామా."

"ఈ ఊర్లో గాలి కూడా పలకే పిల్లా. నా కెమెరాకు ఆవగింజంత దుమ్ము చాలు."

జర్మనీ కెమెరా అంట అది. ఎవరో దొర దగ్గర్నుంచి చేతులు మారి చేతులు మారి మామ దగ్గరికి వచ్చింది. తోలు కవరు, ముందర గుండ్రంగా లెన్సు. దాన్ని మామ గుడ్డతో రుద్దంగా నేనెప్పుడూ చూడలేదు. చెవిలో మందేసే రబ్బరు బుడ్డి ఒకటి ఉండేది, దాంతో ముందు దుమ్ము ఊదేవాడు. తర్వాత హా అని లెన్సు మీద ఊపిరి వదిలి, ఎన్నోసార్లు ఉతికి ఉతికి వెన్న మాదిరి అయిన పాత పంచె గుడ్డతో మధ్యలో నుంచి అంచుకు తేలిగ్గా ఒక్కసారి తుడిచేవాడు. ఒక్కసారే. "ఎక్కువ తుడిస్తే ఎక్కువ చెడుతుంది" అనేవాడు. నాకు అది వింతగా ఉండేది. ఎక్కువ తోమితేనే కదా ఏదన్నా మెరిసేది?

తోమడంలో నేను మొనగత్తెను మరి. ఆదివారం వస్తే కంచె మీద పాకిన కోవతీగ నుంచి గుప్పెడు ఆకు తెంపేదాన్ని. పొయ్యిలో బొగ్గు ముక్క తెచ్చి, ఆకూ బొగ్గూ కలిపి నూరి ఆ పసరు పలకకు పట్టించి ఎండలో పెట్టేదాన్ని. ఎండినాక నాయన పాత చొక్కా చింపిన గుడ్డ ముక్కతో చేతులు పడిపోయేదాకా తోమేదాన్ని. ఆ చొక్కా ఫ్యాక్టరీది, ఎంత ఉతికినా దుమ్ము పోక అట్ట కట్టినట్టు ఉండేది. బడిలో నా పలకను మించిన పలక లేదు. నా పలకలో మొహం చూసుకొని తల దువ్వుకోవచ్చని పిల్లలు అనేవాళ్ళు. ఆ పొగరు నాకు బాగా ఉండేది.

వదినకు పెళ్ళి కుదిరింది. పిల్లోడిది కర్నూలు. మూడు వారాల్లో నిఖా. అప్పుడు అత్త పట్టు పట్టింది.

"ఊర్లో కుక్కకు నక్కకు కూడా ఫోటోలు తీస్తివి. ఇంట్లో పిల్లకు ఒక్క పెద్ద ఫోటో తీసినావా?"

"తీద్దాంలే."

"తీద్దాంలే కాదు. పెళ్ళిబట్టల్లో తియ్యాల. ఇంత పెద్దది చేయించి వంటింటికి ఎదురుగా తగిలించాల. రొట్టె కాల్చేటప్పుడు తలెత్తితే నా బిడ్డ కనపడాల. ఆ తర్వాత ఏడాదికొకసారి వస్తదో, రెండేండ్లకొకసారి వస్తదో!"

అత్తది గట్టి గొంతు. ఆ మాట అని మాత్రం కొంగుతో మొహం తుడుచుకుంటూ వంటింట్లోకి పోయింది. మామ కెమెరా తోలు కవరు నిమిరినాడు. "నా చేత్తో నేనే తీస్తా. ఊర్లో ఇంతవరకు అట్లాంటి ఫోటో లేదనిపిస్తా" అన్నాడు.

మా పక్క వాన పడేదే తక్కువ. పడితే మాత్రం వాగులు మాట వినవు. బేస్తవారిపేట పక్క పల్లెలో గొర్రెల కాపరులు కొందరు, పందెంలో గెలిచిన పొట్టేలుతో సహా ఇంటిల్లిపాదీ ఫోటో దిగాలని మామను పిలిపించినారు. ఆయన సైకిలు మీద పోయినాడు. వచ్చేటప్పుడు వాగు అడ్డం వచ్చింది. మోకాటి లోతే కదా అని దిగినాడంట. కాలు జారి సైకిలు ఒక పక్క, మనిషి ఒక పక్క. కళ్ళద్దాలు నీళ్ళలో కొట్టుకపోయినయి. కెమెరా సంచి మెడలో ఉంది కాబట్టి మనిషితో పాటే మునిగి మనిషితో పాటే తేలింది.

పొద్దుగూకే వేళకు బురద కారుతూ ఇల్లు చేరినాడు. అత్త గుండెలు బాదుకొంటూ ఎదురుపోయింది. "నీకేం కాలేదు కదా? అల్లా దయ" అంటుంటే, ఆయన సంచి తెరిచి చూపించి "కెమెరా" అన్నాడు, అంతే. సంచిలో నుంచి ఎర్రనీళ్ళు కారినయి.

మర్నాడు పొద్దున మామ చేసిన మొదటి పని చూసి నేను నోరు తెరిచినాను. తడిసిన కెమెరాను మళ్ళీ నీళ్ళలో ముంచినాడు! లారీ షెడ్డు నుంచి బ్యాటరీలో పోసే మంచినీళ్ళు తెప్పించి, ఆ నీళ్ళలో మెల్లగా తిప్పి తిప్పి కడిగినాడు.

"పిచ్చి పట్టిందా మామా?"

"బురదనీళ్ళు అట్లే ఆరితే లోపల మట్టి గట్టిపడుతుంది పిల్లా. ముందు మురికి పోవాల, తర్వాత తడి పోవాల. తొందరపడితే రెండూ పోవు."

తర్వాత అత్తను బియ్యం వేయించమన్నాడు. ఆ కాలంలో మా ఇళ్ళలో బియ్యం అంటే పండగే. రోజూ జొన్న సంగటో సద్ద రొట్టో. శేరు బియ్యం మూకుట్లో పోసి వేయించమంటే అత్త ఊరుకుంటుందా? "మనుషులు తినేదానికి లేదు, మిషనుకు అన్నం పెడతాడంట మహానుభావుడు" అని సణుగుతూనే దోరగా వేయించింది. బిస్కెట్ల రేకు డబ్బాలో ఆ బియ్యం పోసి, కెమెరాను పల్చటి గుడ్డ సంచిలో చుట్టి మధ్యలో పూడ్చినాడు మామ. వీధంతా ఆ కమ్మటి వాసనే. మర్నాడు బియ్యం మార్చినాడు. పాత బియ్యం కోళ్ళకు వెయ్యమని అత్త చెప్తే వదినా నేనూ చాటుకు పోయి బెల్లం ముక్క కలుపుకొని కసకసా నమిలినాం. కొంచెం తోలు వాసన వచ్చింది, అయినా వదల్లేదు. అత్త పట్టుకుంది. "మిషను ఎంగిలి తింటారా, సిగ్గు లేదా!" అని ఇద్దరికీ చెరొకటి తగిలించి, తర్వాత ఆమె కూడా ఒక గుప్పెడు నోట్లో వేసుకుంది. ఆ నవ్వులు ఇప్పటికీ నా చెవిలో ఉన్నయి.

మూడో రోజు కెమెరా విప్పడం మొదలుపెట్టినాడు. కళ్ళద్దాలు లేవు. కొత్తవి కర్నూల్లో చేయిస్తున్నారు, పెళ్ళికి అందవు. దగ్గరి వస్తువు ఆయనకు అలికినట్టు కనపడేది. మొదట వదిన కూర్చొని చూసి చెప్పేది, ఆయన చేతులు పని చేసేవి. అంతలో వాళ్ళ ఆనవాయితీ ప్రకారం వదినకు పసుపు పెట్టి లోపలి గదిలో కూర్చోబెట్టినారు. ఇంక నిఖా దాకా ఆమె బయటికి రాకూడదు. దాంతో మామకు కళ్ళు నేనే అయినాను.

"నీ కళ్ళు మంచివి పిల్లా. గద్ద కళ్ళు" అనేవాడు. ఆ మాటకు నేను పొంగిపోయి తలుపులో కూడా పట్టలేదు.

అత్త గుంతపొంగణాల పెనం వంటింట్లో నుంచి మాయమై మామ బల్ల మీదికి వచ్చింది. ఒక్కొక్క గుంతలో ఒక్కొక్క వరస స్క్రూలు. ఏది ముందు ఊడితే అది మొదటి గుంతలో. మళ్ళీ బిగించేటప్పుడు వెనక నుంచి రావాల. "పొంగణాలు ఎప్పుడు పోసుకోవాల్నో చెప్పండి" అని అత్త లోపల్నుంచి అరిచేది. లెన్సు ముందర ఒక రింగు, దానికి రెండు చిన్న గాట్లు. వదిన జామెట్రీ బాక్సులో డివైడరు తెచ్చి, దాని రెండు ముళ్ళూ ఆ గాట్లలో పెట్టి తిప్పితే రింగు ఊడింది. లోపల గాజు బిళ్ళలు. ఒక్కొక్కటి తీసి, ఏ పక్క ముందుకో గుర్తు రాసి, తెల్లటి గుడ్డ మీద వరసగా పెట్టి, పైన గాజు గ్లాసు బోర్లించినాడు. తలుపులు మూసినాడు. పలక దుమ్ము రాకూడదని.

అన్ని బిళ్ళలూ బాగుపడినయి, ఒక్కటి తప్ప. దాని మీద కందిబద్దంత నీటి మరక. ఊపిరితో పోలేదు, మరకలు తీసే మందుతో పోలేదు. రెండు రోజులు దాంతోనే కూర్చున్నాడు. మూడోనాడు శుక్రవారం, ఇంకో రెండు రోజుల్లో నిఖా. దూదిని మందులో తడిపి ఆ మరక మీద పెట్టి, గ్లాసు బోర్లించి, మసీదుకు నమాజుకు బయల్దేరినాడు.

"నేను వచ్చేదాకా నువ్వు కాపలా. ఎవర్నీ ముట్టుకోనియ్యొద్దు. నువ్వు కూడా ముట్టుకోవద్దు. మందు దాని పని అది చేసుకుంటుంది."

"సరే మామా."

కాసేపు బుద్ధిగానే కూర్చున్నాను. తర్వాత గ్లాసు ఎత్తి దూది తీసి చూసినాను. మరక అట్లే ఉంది. లోపల అత్త చుట్టాలతో చెప్తూ ఉంది, ఫోటో ఎక్కడ తగిలిస్తామో, ఎంత పెద్దదో. ఈ మరక పోకపోతే ఎట్లా? మామకు తోమడం చాతగాదు, ఈగ వాలినట్టు తుడుస్తాడు. ఇంతకంటే మొండి మరకలు నేను పోగొట్టలేదా?

మా ఇంటికి ఉరికి కోవాకు, బొగ్గు, నా పలక గుడ్డ తెచ్చినాను. పసరు పట్టించి గుండ్రంగా తోమినాను. పలకను తోమినట్టే, నాలుక బయటపెట్టి, చెయ్యి నొప్పి పుట్టేదాకా. నీళ్ళు పోసి కడిగి, తుడిచి చూస్తే మరక లేదు! నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. దూది మళ్ళీ పైన పెట్టి గ్లాసు బోర్లించి ఏం తెలియనట్టు స్టూలెక్కినాను.

మామ వచ్చినాడు. దూది తీసినాడు. బిళ్ళను అంచులు పట్టుకొని నా మొహం ముందర పెట్టినాడు.

"చూడు పిల్లా. మరక ఉందా?"

"లేదు మామా."

"సరిగ్గా చూడు."

"లేనే లేదు."

ఆయన మొహం విప్పారింది. "మందు పనిచేసిందన్నమాట!" అన్నాడు. నేనే చేసినా అని నాలుక చివరిదాకా వచ్చింది. ముట్టుకోవద్దన్నాడు కదా అని ఆగినాను. అప్పుడు ఆయన ఇంకో మాట అడిగినాడు.

"గీతలేమన్నా ఉన్నయా? కిటికీ కాడ ఎండకు అడ్డంగా పట్టి చూడు. గీతలుంటే మాత్రం కష్టం."

బిళ్ళను ఎండకు పట్టినాను. ఉన్నయి. వెంట్రుకల్లాంటి గీతలు, ఒకటా రెండా, ఒకదాని మీద ఒకటి గుండ్రంగా, నా చెయ్యి తిరిగినట్టే తిరిగి ఉన్నయి. ఆయన అద్దాలు లేని కళ్ళతో నా వైపు చూస్తున్నాడు. నేనేం చెప్తే అదే నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు.

"లేవు మామా. అద్దం మాదిరి ఉంది."

"ఒక ఫిల్ము వేసి చూద్దామనుకున్నా. ఎందుకులే, నీ కళ్ళు చూసినయి కదా" అని నా తల నిమిరినాడు.

ఆ చెయ్యి బరువు ఇప్పటికీ నా తల మీద ఉంది. అప్పుడు నాకు నేను ఏం సర్దిచెప్పుకున్నానో తెలుసా? పలక మీద గీతలున్నంత మాత్రాన రాత కనపడదా, ఇది కూడా అంతేలే అనుకున్నాను. తొమ్మిదేళ్ళ బుర్రకు అదే పెద్ద న్యాయం.

నిఖా రోజు వదినను ముస్తాబు చేసి కిటికీ కాడ నా స్టూలు మీదే కూర్చోబెట్టినారు. ఎర్ర బట్టలు, ముక్కుకు నత్తు, మోచేతుల దాకా గోరింటాకు. దూరాన్ని అడుగులతో కొలుచుకొని మామ ఫోటోలు తీసినాడు. ఒక్కొక్కటి తీసేటప్పుడు ఊపిరి బిగబట్టడం చూసినాను. సాయంత్రం వదిన కర్నూలు పోయింది. అత్త అరుగు మీద కూర్చొని ఏడుస్తుంటే "ఫోటో వస్తుందిలే అత్తా" అని నేనే ఓదార్చినాను. నా నోటితో నేనే.

ఫోటోలు కడిగి దారానికి క్లిప్పులు పెట్టి ఆరేసిన రోజు వీధంతా వచ్చింది చూడటానికి. ఒక్కటి కూడా తేటగా లేదు. పొగలో కూర్చున్నట్టు వదిన. పొగలో ముక్కునత్తు, పొగలో గోరింటాకు. అత్త ఒకదాన్ని చేతిలోకి తీసుకొని "ఇదేంది, తడి ఆరలేదా?" అంది. వెనకెవరో "అద్దాలు లేకుండా తీసినాడు, సాయిబుకు కళ్ళు పోయినయిలే" అన్నారు. మామ ఆ ఫోటోను కళ్ళ దగ్గరికి తెచ్చుకొని చూసినాడు, దూరం పెట్టి చూసినాడు. తర్వాత ఫోటో కింద పెట్టి రెండు చేతులతో కళ్ళు నులుముకున్నాడు. తప్పు కళ్ళదే అన్నట్టు.

అప్పుడు చెప్పొచ్చు కదా? ఒక్క మాట. చెప్పలేదు. తేలు కుట్టిన దొంగ మాదిరి జనం మధ్యలో నుంచి జారుకొని ఇంటికొచ్చి, నాయన తెచ్చి పెట్టిన పలకల ఫ్రేముల కట్ట చాటున కూర్చున్నాను.

ఆ రోజు నుంచి ఆ గడప తొక్కలేదు. మామ తలుపు కాడ నిలబడి "పిల్లా, రావేంది?" అని పిలిస్తే "చదువుకుంటున్నా మామా" అని లోపల్నుంచే అరిచేదాన్ని. నేను చదువుకుంటున్నానంటే అమ్మే నమ్మలేదు. ఊర్లో మాట పాకింది. కళ్ళు కనపడని సాయిబుతో ఫోటోలేంది అని జనం పక్కనున్న కంభం పోయి ఫోటోలు దిగి రావడం మొదలుపెట్టినారు. కొన్నాళ్ళకు కొత్త కళ్ళద్దాలు వచ్చినయి గానీ పోయిన పేరు రాలేదు. హంసల పరదా దించేసి ఆ గదిలోనే మామ కిరసనాయిలు స్టవ్వులు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. పులుపు వాసన పోయి కిరసనాయిలు వాసన వచ్చింది. మా ఇంటి దాకా వచ్చేది ఆ వాసన. అన్నం సహించేది కాదు నాకు.

ఒకరోజు అమ్మ చేతికి ఒక గిన్నె ఇచ్చి పంపినాడు. వేయించిన బియ్యం, బెల్లం. "పిల్లకు ఇష్టమని మామ పంపినాడే" అని అమ్మ నా ముందర పెట్టింది. ఒక్క గింజ మింగుడు పడలేదు. కోళ్ళకు వేసినాను.

రెండేళ్ళకు నాయన పని మారి మేము పొదిలికి వచ్చేసినాం. సామాను లారీకి ఎక్కిస్తుంటే మామ బయటికి వచ్చినాడు. నాయనను కావలించుకున్నాడు. తర్వాత నా ముందర నిలబడి, కొత్త కళ్ళద్దాల్లో నుంచి నన్ను చాలాసేపు చూసినాడు.

"ఏమన్నా చెప్తావా పిల్లా?"

"ఏం లేదు మామా."

"సరే. ఎప్పుడన్నా గుర్తొస్తే వచ్చి చెప్పు" అన్నాడు. ఊరు విడిచిపోతుంటే ఊరికే పలకరించినాడనుకున్నాను. ఎంత మొద్దు బుర్ర!

పొదిలి నుంచి మార్కాపురం ఎంత? బస్సెక్కితే గంటన్నర. అమెరికా కాదు, ఢిల్లీ కాదు. పెళ్ళిళ్ళకు పోయినాను, చావులకు పోయినాను, బస్టాండులో దిగినాను, ఆ వీధి మలుపు దాకా కూడా పోయి వెనక్కి వచ్చినాను. మామ పోయినాడని తెలిసినప్పుడు పోలేదు. అత్త పోయినప్పుడూ పోలేదు. కాళ్ళ నొప్పులని ఒకసారి, పిల్లలకు పరీక్షలని ఒకసారి. సాకులకేం తక్కువ?

మొన్న దొడ్లో బట్టల బండ మీద కూర్చున్నప్పుడు కోడలి బియ్యం డబ్బా మూత చప్పుడు వింటూ ఇదంతా తలుచుకున్నాను. వదిన భర్త పోయినాక పుట్టింటికే వచ్చి ఉంటుందని మా తమ్ముడు ఎప్పుడో చెప్పినాడు. మర్నాడు పొద్దున్నే చెప్పులేసుకొని బస్టాండుకు పోయినాను. చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టే, తెలుసు. అయినా పోయినాను.

ఫ్యాక్టరీలు ఉన్న చోట షెడ్లు బోసిగా ఉన్నయి. వీధిలో దుమ్ము కూడా లేదు. తలుపు తట్టితే "ఎవరూ?" అని వినపడింది.

"నేను వదినా. పక్కింటి పిల్లను. పొదిలి నుంచి."

లోపల గడియ తీసిన చప్పుడు. తర్వాత "పలకల పిల్లా! రా, రా" అంది. ఆమె కళ్ళు నా వైపు కాకుండా నా పక్కకు చూసినయి. చెయ్యి పట్టుకొని తడిమి కూర్చోబెట్టింది.

"రెండు కళ్ళకూ శుక్లాలు. వచ్చే వారం ఆపరేషన్. ఇప్పుడు నాకు లోకమంతా నా పెళ్ళి ఫోటో మాదిరే ఉంది" అని నవ్వింది.

నేను తలెత్తినాను. వంటింటికి ఎదురుగా గోడ మీద, అత్త కోరుకున్న చోటే ఉంది ఆ ఫోటో.

"మా అమ్మీ, అదే మీ అత్త, బతికినన్నాళ్ళూ ప్రతి శుక్రవారం దాని అద్దం కొంగుతో తుడిచేది. మసక అద్దానిదే అనుకునేది. మసక లోపలిది అమ్మీ అని నేనంటే వినేది కాదు, ఇంకొంచెం తుడిస్తే పోతుందిలే అనేది." వదిన నా చెయ్యి వదల్లేదు. "నాకు చూపు తగ్గినాక దాన్ని చూసి చాన్నాళ్ళయింది. నువ్వు చూసి చెప్పు. అసలు నేను అందంగా ఉన్నానా దాంట్లో? సరిగ్గా చూసి చెప్పు. నీ కళ్ళు మంచివి అనేవాడు మా అబ్బా, మీ మామ."

మళ్ళీ అదే అడగడం. అదే ఇంట్లో. చూపు లేని మనిషి, నా నోటి వైపే చెవి పెట్టుకొని. లేచి ఫోటో దగ్గరికి పోయి నిలబడినాను.

"మసగ్గా ఉంది వదినా" అన్నాను. "లెన్సు మీద గీతలు పడినయి. మామ అడిగినాడు, గీతలున్నయా అని. ఉన్నయి. చూసి కూడా లేవన్నాను. మామ కళ్ళు పోలేదు వదినా. నేనే ఆ బిళ్ళను కోవాకు, బొగ్గు పెట్టి పలక గుడ్డతో తోమినాను."

వదిన నా గొంతు వినపడిన వైపు తల తిప్పింది.

"బొగ్గు కూడానా?" అంది. "కోవాకు ఒక్కటే అనుకున్నాం మేము."

నేను గిరుక్కున వెనక్కి తిరిగినాను.

"తెలుసా మీకు?"

"కళ్ళద్దాలు వచ్చిన రోజే కెమెరా విప్పి చూసినాడంట అబ్బా. రింగు సందులో ఆకు పీచు ఇరుక్కొని ఉంది, సూదితో తీసి అమ్మీకి చూపించినాడు. ఈ వీధిలో కోవాకు పెట్టి తోమేది ఎవరో ఎవరికి తెలియదు? అమ్మీ మండిపడింది. ఊరంతా నీకు కళ్ళు పోయినయంటుంటే నోరు మూసుకుంటావేంది, పోయి చెప్పు అంది. స్టవ్వులు బాగుచేసుకొనైనా బతుకుతా, పిల్ల పేరు చెప్తే బడిలో దాన్ని, ఫ్యాక్టరీలో బావను అందరూ మాటలతో పొడుస్తారు అన్నాడు. అదే వచ్చి చెప్తుందిలే, చెప్పినాక అందరం కలిసి నవ్వుదాం అన్నాడు. చివరిదాకా అదే మాట. పొదిలి నుంచి ఎవరన్నా స్టవ్వు తెస్తే, మా పిల్లను చూసినారా అని అడిగేవాడు."

వేయించిన బియ్యం ఎందుకు పంపినాడో, లారీ కాడ ఏం అడిగినాడో నాకు అప్పుడు తెలిసింది. ఆయన తలుపు తీసి పెట్టుకొనే ఉన్నాడు. రాకుండా ఉన్నది నేను.

వదినకు ఉన్నట్టుండి నవ్వొచ్చింది. "బొగ్గు కూడానంట!" అనుకుంటూ, పొట్ట పట్టుకొని, కనపడని కళ్ళలో నీళ్ళు కారేదాకా నవ్వింది. మిషను ఎంగిలి తిన్న రోజు నవ్విన నవ్వే అది.

"నువ్వు నవ్వవేంది పిల్లా? చెప్పినావు కదా" అంది.

నవ్వాలనే చూసినాను. రాలేదు. చెప్పినాక నవ్వుదామన్న మనిషి లేడు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఆ ఫోటో కిందనే కూర్చొని ఏడ్చినాను.